ఊరు పెంచిన విశ్వవిద్యాలయం

విశ్వవిద్యాలయం వెలిస్తే దాని చుట్టూ ఊరు పెరుగుతుందంటారు. అనంతపురంలో జరిగింది అది కాదు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. అప్పటికే ఈ పట్టణం 65 ఏళ్లుగా విద్యార్థుల ఊరు. నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ 1916లో దత్తమండలాల కళాశాలగా మొదలైంది. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే, అదీ నమ్మకం లేని జిల్లాలో, పొలం మీద భరోసా తగ్గిన ఇళ్లకు పిల్లవాడి చదువే రెండో పంట. అలా పల్లెలు పట్నానికి వచ్చాయి, రాజకీయాలూ వెంట వచ్చాయి. ఇల్లూరు నుంచి వచ్చి ఇక్కడ చదివిన నీలం సంజీవరెడ్డి, 1929లో గాంధీ జిల్లాకు వచ్చి వెళ్లిన ప్రభావంతో, 1931లో చదువు మాని స్వాతంత్ర్యోద్యమంలో దిగారు. 1928లో నంద్యాల సభలో ఈ దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు సూచించింది ఈ కాలేజీలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావే అని ఎక్కువమంది మాట (గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు ఆ ఘనత ఇచ్చేవాళ్లూ ఉన్నారు).

ఒక కాలేజీని విశ్వవిద్యాలయంతో పోల్చడం అతిశయమని ఎవరైనా అనవచ్చు. పట్టా మద్రాసు నుంచి వచ్చేది, పరిశోధనకు చోటు లేదు, నిజమే. ఆ లోటు సీమవాళ్లకు తెలియకపోలేదు. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం పెంచాలన్న షరతు ఉంది. తీరా 1954లో విశ్వవిద్యాలయం తిరుపతికి వెళ్లింది. అనంతపురానికి దక్కింది 1968లో దాని పీజీ కేంద్రం. అదే పెరిగి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. అయితే అది పట్టణానికి పది కిలోమీటర్ల అవతల, చెన్నై దారిలో స్థిరపడింది. ఆ దూరం వల్ల నష్టం లేదనలేం: పెద్ద గ్రంథాలయం, పరిశోధక విద్యార్థులు ఊరివాళ్ల కంటికి దూరమయ్యారు. కానీ సభలు, ఊరేగింపులు, టీకొట్ల చర్చలు అందుకోసం ఆగలేదు, ఎందుకంటే వాటి వేరు ఊళ్లోనే ఉంది. 1946లో గిండీలో మొదలై 1948లో ఇక్కడికి తరలిన ఇంజనీరింగ్ కాలేజీ పట్టణం లోపలే నిలిచి, 2008లో జేఎన్‌టీయూ అనంతపురంగా మారింది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దానికి తొలి గూడు దొరికిందీ అదే జేఎన్‌టీయూ భవనంలో.