చెలమ, బావి, బోరు: భద్రాచలం అడవి అంచున నీటి చట్టాల చరిత్ర

మన చరిత్ర రచనలో చెరువుకు ఉన్న స్థానం చెలమకు లేదు. చెరువు తవ్వించినవారు శాసనం వేయించారు. 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉన్న బయ్యారంలో, గణపతిదేవుని సోదరి మైలమ ధర్మకీర్తి సముద్రం తవ్వించి, తన పుట్టింటి వంశావళిని రాతిమీద చెక్కించింది. కాకతీయుల తొలితరాల గురించి మనకు తెలిసినదానిలో ముఖ్యభాగం ఆ చెరువు శాసనమే చెప్పింది. ఆ అడవుల్లోనే, ఎండిన వాగు ఇసకను చేత్తో తోడి, ఊరిన నీటిని ముంతతో ముంచుకున్న కోయ స్త్రీకి ఏ శాసనమూ లేదు.

అయితే భూగర్భజలంతో మనిషి కుదుర్చుకున్న మొదటి ఒప్పందం చెలమే. ఊరినంతే ముంచుకోవాలి. ఒకరు ముంచుకున్నాక మరొకరు, మళ్లీ ఊరేదాకా ఆగాలి. ఆ ఒప్పందం ఎట్లా చెడింది? దాన్ని బాగుచేస్తామని వచ్చిన చట్టాలు ఎవరి చేతికి ఏమిచ్చాయి? ఈ ప్రశ్నలు ఇంజనీర్లకే వదిలేయదగినవి కావు.

భూమికింది నీరు భూయజమానిదే అనే సూత్రం మన నేలలో పుట్టలేదు. 1843లో ఇంగ్లండులో ఆక్టన్, బ్లండెల్ అనే కక్షిదారుల మధ్య ఒక తీర్పు వచ్చింది. లాంకషైరులో ఒక నూలుమిల్లు బావి, కొంత దూరంలో బొగ్గుగనులు తవ్వడంవల్ల ఎండిపోయింది. గని యజమాని తన భూమిలో తాను తవ్వుకున్నాడు గనక, మిల్లు యజమానికి పరిహారం అడిగే హక్కు లేదని న్యాయస్థానం తేల్చింది. లోతుగా తవ్వగలిగినవాడిదే నీరు అన్నమాట. ఈ సూత్రాన్నే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మన దేశానికి తెచ్చింది. స్పష్టమైన కాలువగా పారని భూగర్భజలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు ప్రతి భూయజమానికీ ఉందన్నది. ఆ చట్టం మొదట వర్తించింది మద్రాసు, మధ్యపరగణాలు, కూర్గులకు. భద్రాచలం తాలూకా అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1874లో, మధ్యపరగణాల నుంచి మద్రాసుకు చేతులు మారింది.

గోదావరికి ఇవతల నిజాం రాజ్యం. అక్కడ ఆ చట్టం లేదు. కాని 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. నీటిని తోడిపోయకుండా బొగ్గు తీయడం ఏ రాజ్యంలోనూ సాధ్యం కాదు. ఆ విధంగా లాంకషైరు తగాదాలోని బొగ్గుగనీ, బావీ రెండూ ఈ అడవి అంచున ఎదురుబొదురయ్యాయి. ఒక్కటే తేడా: ఇక్కడ బావి పక్షాన కోర్టుకెక్కే మిల్లు యజమాని లేడు.

నీరు భూమి వెంట పోయేదైతే, నీటి చరిత్ర భూమి చరిత్రే అవుతుంది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండా 1917లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959లో మరో నిబంధన వచ్చింది. భద్రాచలం డివిజన్ తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసిందీ ఆ ఏడాదే. 1970లో సవరణ వచ్చింది. జనం దాన్ని "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. ఇన్ని చట్టాలు భూమిని గురించి మాట్లాడాయి గాని, భూమికింది నీటిని గురించి ఒక్కటీ మాట్లాడలేదు. పట్టా ఉన్నవాడికి అప్పు పుట్టింది, కరెంటు వచ్చింది, బోరు దిగింది. రిజర్వు అడవిలో పోడు కొట్టుకున్నవాడికి పట్టా లేదు గనక, తన కాళ్లకింది నీరు కూడా తనది కాలేదు.

నీరు అడుగంటడం మొదలయ్యాక ప్రభుత్వం మేలుకున్నది. తాగునీటి బావుల రక్షణకు 1996లో ఒక చట్టం, ఆ తర్వాత 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం (మనం వాల్టా అంటున్నది) వచ్చాయి. బావులు నమోదు కావాలి. కొత్త బోరుకు అనుమతి కావాలి. ప్రజలు తాగే నీటివనరుకు 250 మీటర్ల లోపల సేద్యానికి బోరు వేయరాదు. బోరు యంత్రాలూ నమోదు కావాలి. రాష్ట్రం, జిల్లా, మండలం అని మూడంచెల ప్రాధికార సంస్థలు ఏర్పడ్డాయి. "నా భూమి, నా నీరు" అనే సూత్రానికి పడిన మొదటి కళ్లెం ఇదేనని ఒప్పుకోవాలి.

అయినా ఈ నిర్మాణంలోని లోపాన్ని గుర్తించక తప్పదు. జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షుడు, రైతు దరఖాస్తుదారు. పైగా నేలకింది రాయికి మండలం హద్దు తెలియదు. ఖమ్మం వైపు గట్టి నల్లరాతి నేలల్లో నీరు పగుళ్లలో దాగి ఉంటుంది. గోదావరి వైపు బొగ్గుపొరలున్న ఇసకరాయిలో ఊళ్లకు ఊళ్లు ఒకే నీటిమీద నిలబడతాయి. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, ఒకే లోయ రెండు రాష్ట్రాల దస్త్రాల్లోకి చీలింది.

గ్రామసభ మాట చట్టంలో లేకపోలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటివనరుల ప్రణాళికను, నిర్వహణను తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. దానికి మన రాష్ట్రంలో నియమాలు వచ్చింది 2011లో. చెరువు చిన్న నీటివనరే. మరి నేలకింది ఊట? చట్టం విప్పి చెప్పలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టం గ్రామసభ సిఫారసు చేస్తే చెరువుకు, తాగునీటికి, విద్యుత్ తీగకు ఒక్కొక్క అవసరానికి హెక్టారుకు తక్కువగా అటవీభూమి ఇవ్వవచ్చునన్నది. హక్కుపత్రం దొరికిన పోడుభూములకు సౌరశక్తి పంపులు ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 మే నెలలో ప్రారంభించింది. ఇన్నాళ్లూ బోరు లేనివాడికి బోరు రావడం న్యాయమే. అయితే సూర్యుడు బిల్లు పంపడు. ఖర్చులేని పంపును ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఎవరు?

దీనికి జవాబు మన నేలమీదే ఒకసారి దొరికింది. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ మొదలైన ఏడు కరవు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2010 దాకా నడిచిన ఒక కార్యక్రమంలో, రైతులే వానను కొలిచారు, బావుల్లో నీటిమట్టాన్ని కొలిచారు, ఊరి నీటి జమాఖర్చు గోడమీద రాశారు. దాన్నిబట్టి ఏ పంట వేయాలో ఎవరికి వారు తేల్చుకున్నారు. నిషేధం లేదు, జరిమానా లేదు. లెక్క మాత్రం అందరికీ కనబడింది.

ఆ ఏడు జిల్లాల్లో ఖమ్మం లేదు. కాని ఊరినంతే ముంచుకోవాలన్న ఆ లెక్క ఇక్కడి వాగుల్లో ఏనాటినుంచో ఉంది. దాన్ని దస్త్రానికి ఎక్కించిన చట్టం ఇంకా రాలేదు. మైలమ శాసనాన్ని చదువుకున్న మనం, చెలమ చెప్పే చరిత్రనూ రాసిపెట్టుకోవాలి. రేపు గ్రామసభలో నీటి లెక్క అడిగేవాళ్లకు అది సాక్ష్యంగా పనికివస్తుంది.