మాట వెనుక కథ: ఈటా కరీనే

‘కరీనా’ అంటే లాటిన్‌లో ఓడ అడుగున వెన్నెముకలా సాగే దూలం. గ్రీకు పురాణంలో జేసన్ ఎక్కిన ఓడ ఆర్గో. ఆ పేరున్న పెద్ద తారామండలాన్ని 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఖగోళవేత్త లకాయ్ అడుగు, వెనుకభాగం, తెరచాపలుగా పంచాడు. నక్షత్రాలకు గ్రీకు అక్షరాలు తొడిగాడు. మొదటిదైన ఆల్ఫా మన అగస్త్య నక్షత్రానికి దక్కింది. ఏడో అక్షరం ‘ఈటా’ అడుగుభాగమైన కరీనాలోని మరో తారకు వెళ్లింది. అదే ఈటా కరీనే.

అయితే 1843లో ఆ ఏడో అక్షరం మొదటిదాన్ని మించింది. ఒక్కసారిగా ఉబికిన ఈటా కరీనే అగస్త్యుణ్ణి దాటి, రాత్రి ఆకాశంలో అతి ప్రకాశవంతమైన సిరియస్ తర్వాతి స్థానంలో వెలిగింది, ఆపైన మసకబారింది. అప్పుడు కక్కిన వాయుధూళి మేఘానికి అర్జెంటీనా శాస్త్రవేత్త గావియోలా ‘హోమంక్యులస్’ అని పేరుపెట్టాడు. అంటే చిట్టి మనిషి.

ఇలా అతి వేడిగా, అస్థిరంగా ఉండే మహాతారలను 1984లో పీటర్ కాంటీ ‘లూమినస్ బ్లూ వేరియబుల్’ అన్నాడు. తెలుగులో ‘ఉజ్జ్వల నీలి చరతార’ అనుకోవచ్చు. మూడు మాటల్లోనూ అసలు బరువు ‘చర’దే. నీలిరంగు, వెలుగు చాలా తారలకున్నాయి. ఈ నిలకడలేనితనమే అరుదు.