ఫిర్యాదుల పటము, అరెస్టుల పటము

మత్తుపదార్థముల వ్యాపార మెచ్చట జరుగుచున్నదో తెలిసికొనుటకు రెండు ఆధారములు గలవు. ఒకటి ఊరివారి ఫిర్యాదులు. రెండవది పోలీసుల అరెస్టులు. వీనిని రెండు పటములమీద చుక్కలుగా గుర్తించి ఒకదానిపై నొకటి ఉంచినచో అవి కలియునా?

అమెరికాలోని సియాటిల్ నగరమున ఇది పెద్ద వివాదమైనది. అరెస్టయినవారిలో నల్లజాతివారు తమ జనసంఖ్యకు మించి యుండుటయే అందులకు కారణము. పౌరుల ఫిర్యాదులు ఈ వ్యత్యాసమునకు కారణము కాజాలవని కాథరిన్ బెకెట్, ఆమె సహచరులు 2006లో ప్రకటించిరి. ఫిర్యాదు లెక్కువగా వచ్చినచోట్లనే అరెస్టులును ఎక్కువగా జరిగినవని 2012లో రాబిన్ ఎంగెల్, మైఖేల్ స్మిత్, ఫ్రాన్సిస్ కల్లెన్ వ్రాసిరి. నగర మొక్కటే, తీర్పులు రెండు. దేనిని దేనితో పోల్చవలె ననునదే చిక్కు.

ఈ చిక్కు రామన్నపేట ప్రాంతమునను కనబడును. 2016 వరకు నల్లగొండ జిల్లాలో నుండి, పిమ్మట యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ ఊరికి దక్షిణముగా, చిట్యాల, చౌటుప్పల్‌ల మీదుగా విజయవాడ–హైదరాబాదు రహదారి పోవుచున్నది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలలో పండిన గంజాయి ఈ దారినే మహారాష్ట్రకు తరలుచుండును. పంతంగి టోలుగేటువద్ద అట్టి వాహనములు పలుమారులు పట్టుబడినవి. అరెస్టు చుక్క పంతంగిమీద పడును. కాని ఆ సరకు పంతంగివారికై వచ్చినది కాదు, వారు ఫిర్యాదు చేసినదియు కాదు.

1985 నాటి మత్తుపదార్థముల చట్టమును ఇందులకు కొంత కారణము. 43వ సెక్షను ననుసరించి బహిరంగ ప్రదేశమున, దారిలో అధికారి నేరుగా సోదా చేయవచ్చును. ఇల్లు, కొట్టు వంటి మూసిన చోటైనచో 42వ సెక్షను వర్తించును. అప్పు డెవరైన తెలిపిన సమాచారమును కాగితముపై నెక్కించి, పై అధికారికి పంపవలెను. ఊరివారి ఫిర్యాదు తరచుగా ఇట్టి చోటును గురించినదే. పోలీసులు వచ్చులోపల చిన్న పొట్లము మాయమగును. ఫిర్యాదు మిగులును; అరెస్టు ఉండదు.

రెండు పటములకును అందని చోట్లు కూడ గలవు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో డయాజిపామ్, అల్ప్రజోలమ్ కలుపుచు వచ్చిరి. త్రాగువానికి అందులో మందున్నదని తెలియదు. తెలిసినను ఫిర్యాదు చేయడు. 2015 సెప్టెంబరులో దాడుల వలన ఆ కల్లు దొరకకపోగా, మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులకు వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పి జనులు వచ్చి చేరిరి. ఊరూర దాగియున్న వ్యసనమును అప్పుడు ఆసుపత్రి చిట్టాలు బయటపెట్టినవి.

కావున పటములను కలిపి చూచుటకు ముందు చుక్కలను వేరుచేయవలెను. రహదారి అరెస్టులు ఒక వరుస, ఊరిలోని అరెస్టులు మరొక వరుస. ఒకే యింటిని గూర్చి పదిమంది చేసిన ఫిర్యాదు ఒక చోటు, పది ఫిర్యాదులు. ఇట్లు చేయనిచో రహదారి ప్రక్క ఊరికి లేని అపకీర్తి అంటును. తమ వీధిని గూర్చి నిజము చెప్పినవారి మాట అబద్ధముగా లెక్కకు వచ్చును.