గుంటూరున చిక్కిన సూర్యుడు

గుంటూరనగనే మనకు పొగాకును మిరపయును తోచును. 1868 ఆగస్టు 18వ తేదీన ఆ పట్టణమును ఖగోళ శాస్త్రజ్ఞులు సంపూర్ణ సూర్యగ్రహణమునకై వెదకికొని వచ్చిరని కొలదిమందియే యెరుగుదురు. ఆంగ్లేయుడగు మేజర్ టెన్నంట్, ఫ్రెంచివాడగు జాన్సెన్ అచ్చట విడిసిరి. మచిలీపట్నమున పాగ్సన్, వనపర్తిలో చింతామణి రఘునాథాచారి వేచియుండిరి.

పూర్ణగ్రాసము ఆరు నిమిషములైనను నిలువలేదు. పలుచని మబ్బొకటి అడ్డము. ఆ కాలమున గాజుపలకకు మందుపూసి, తడి యారకమునుపే ఛాయాచిత్రము తీసి కడుగవలెను. అయినను టెన్నంట్ బృందము ఆరు పలకలు తీసెను. నల్లని చంద్రబింబపుటంచున నెగసిన జ్వాలలు వానిపై నిలిచినవి. కన్నులు చూచినది చూచినవారితోనే పోవును. పలకపై నిలిచినదానిని దూరదేశమువారును పరిశీలింపగలరు.

జాన్సెన్ ఆ జ్వాలల కాంతిని విడదీసి, అవి మండు వాయువులని గ్రహించెను. మరునాడు గ్రహణము లేకయే వానిని చూచెను. నాటి కాంతిలోని పసుపుపచ్చని గీతయే హీలియమునకు తొలిజాడ. భూమిపై నా వాయువు 1895లో గాని దొరకలేదు.

గ్రహణమునకై వేచియుండ నక్కర లేకపోయినది. కొడైకెనాలు వేధశాలలో 1904 మొదలు నూరేండ్లకు పైగా, ఆకాశము తేటగా నున్న దినములందు సూర్యుని చిత్రములు తీసిరి. విడిగా నొక్కొక్కటి సామాన్యము. వరుసగా పేర్చిన, సూర్యుని మచ్చలు సుమారు పదునొకండేండ్ల కొకమారు హెచ్చి తగ్గుట కన్నులకు కట్టును. నేడా చిత్రములు కంప్యూటరు కెక్కి యెల్లరకు అందుచున్నవి.

దూరప్రాంతములందు పెరుగు మన పిల్లలకు వానిని చూపునపుడు గుంటూరు పేరును చెప్పుదము.