మట్టిపాత్రల సాక్ష్యము

లిపి లేని జాతికి చరిత్రయు లేదని తలచుట విద్యావంతులలో సైతము పాతుకొనియున్న యొక భ్రమ. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు రాజధానియగు లీమానగరమందలి లార్కో ప్రదర్శనశాల యీ భ్రమను పోగొట్టజాలును. రఫాయెల్ లార్కో హోయిల్ అను పండితుడు 1926వ సంవత్సరమున దీనిని స్థాపించెను. ఇందు నిల్వగదులను సైతము సందర్శకులు చూడవచ్చును. వేలకొలది మట్టిపాత్రలు అరలలో వరుసలు తీరియున్నవి. వానిలో మోచే జాతివారి పాత్రలను గూర్చి మే మిచట ముచ్చటింపదలచితిమి.

మోచేవారు రమారమి క్రీ.శ. 100 మొదలు 800 వరకు పెరూ ఉత్తరతీరపు టెడారిలో కాలువలు త్రవ్వి, మొక్కజొన్నయు ప్రత్తియు పండించుచు వర్ధిల్లిరి. వారికి కుమ్మరిసారె లేదు. అచ్చులలో మట్టి నొత్తి, సగములను జేర్చి, ఎఱుపు, మీగడ వన్నెల పూతలు పూసి కాల్చెడివారు. రెండు పాయలుగ లేచి, వంగి, పైన నొక్కటిగ కలియు గొట్టము వారి పాత్రలకు గుఱుతు. కొన్ని పాత్రలు మనుష్యముఖములు.  గ్రుడ్డివారు, రోగులు, ప్రసవించు తల్లులు, బంగాళాదుంపలు, సముద్రజంతువులు, అన్నియు మట్టిలో నిలిచినవి.

కొన్ని పాత్రలపై నొక ఘోరమగు క్రతువు చిత్రింపబడినది. బందీల రక్తమును పాత్రికలో నింపి యొక ప్రభువున కర్పింతురు. అర్పించువారిలో నొక స్త్రీయు గలదు. ఇది కేవలము పురాణగాథ యని పలువురు పండితులు తలచిరి. అట్లుండ, 1987లో సిపాన్ అను చోట దొంగలు సమాధులను కొల్లగొట్టుచుండగా, వాల్టర్ ఆల్వా మిగిలినదానిని కాపాడి త్రవ్వించెను. చిత్రములలోని ప్రభువు నాభరణములే ధరించిన పురుషు డందు శయనించియుండెను. 1991లో శాన్ హోసే దె మోరోవద్ద నొక స్త్రీ సమాధి బయల్పడెను. చిత్రములోని స్త్రీ తలపాగకు గల యీకెలవంటి లోహపు టీకెలును, పాత్రికయు నందుండెను. కావున నామె కల్పిత గాదు. ఆ సంఘమున పౌరోహిత్యము నెఱపిన స్త్రీ.

ఆ క్రతువును మేము శ్లాఘింపము. మేము చెప్పదలచిన దొక్కటియే. పాత్రయు సమాధియు నొకచోట దొరకినందుననే యీ సత్యము తేలినది. దొంగ పెకలించి యమ్మిన పాత్రకు రూపము మిగులును గాని, అది యెవరి ప్రక్కన నుండెనో చెప్పువారుండరు. అట్టి పాత్రను ముచ్చటపడి కొని యింట నలంకరించుకొను ధనికుడు ఆ దొంగకు కూలి యిచ్చినవాడే యగును. కొనువాడు లేనినాడు త్రవ్వువాడు నుండడు. ప్రాచీనవస్తువులయం దభిమానము గలవా రీ మాటను మఱువకుందురుగాక.