కుదించిన గొంతు

పాట గురించి మనం చాలా రాశాం. దాని వస్తువు గురించి, భాష గురించి, బాణీ గురించి, అది ఏ వర్గం పక్షాన నిలబడిందనే దాని గురించి చర్చించుకున్నాం. కానీ పాట ఏ సాధనం మీద ఎక్కి మన చెవి దాకా వస్తున్నది, ఆ ప్రయాణంలో దానిలోంచి ఏం రాలిపోతున్నది అనే ప్రశ్న విమర్శకులుగా మనకు పట్టలేదు. అది రేడియో మెకానిక్కు చూసుకోవలసిన పని అనుకున్నాం. ఈ నిర్లక్ష్యం ఖరీదెంతో నాకు స్వానుభవం మీద తెలిసింది. కాబట్టి ముందు నా తప్పు చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళతాను.

దుబాయి నుంచి తిరిగివచ్చిన మా బాబాయి తెచ్చిన టూ-ఇన్-వన్‌లో 1991లో మా నాన్న నాయనమ్మ పాటలు రికార్డు చేశాడు. ఆమె ఇసుర్రాయి తిప్పుతూ పాడింది. కేసెట్టు ఒక వైపు అరగంట నిండింది. 2004లో నేను ఎం.ఎ. చదువుతూ మాదాపూర్‌లో మా చిన్నాన్న కొడుకుతో ఒకే గదిలో వుండేవాణ్ణి. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో జేబులో పట్టే ఎంపీ3 ప్లేయరు కొన్నాను. దాని జాగా 128 మెగాబైట్లు. నాయనమ్మ కేసెట్టు కూడా అందులోకి ఎక్కించమని కోఠీలో ఒక దుకాణానికి వెళితే అక్కడి కుర్రవాడు, ‘సార్, సిక్స్‌టీఫోర్‌ల పెడత. డబల్ పాటలు పడతయి. తేడా ఎవనికి దెలుస్తది?’ అన్నాడు. లెక్క అతను చెప్పినట్టే వుంది. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున పెడితే నిమిషం పాటకు సుమారు ఒక మెగాబైటు పడుతుంది. అంటే ప్లేయరులో రెండు గంటల పాటలు. 64 చొప్పున పెడితే నాలుగు గంటలు. నేను సరే అన్నాను. రెండేళ్ళ తర్వాత గది ఖాళీ చేసినప్పుడు కేసెట్టు ఎక్కడ పోయిందో నాకు తెలియదు. ఫైలు వుంది కదా అని వెతకలేదు కూడా.

ఇప్పుడు ఆ ఫైలు మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే నాయనమ్మ మాటలు అర్థమవుతాయి. కానీ ఇసుర్రాయి గరగర లేదు. దాని చోట నీళ్ళు సుడి తిరుగుతున్నట్టు ఒక వింత ధ్వని వుంది. ఆ రాయి తిరిగే లయ మీదే పాట నడిచింది. పాట మిగిలింది, పని పోయింది. పనిపాటలు అని కలిపి పిలుచుకున్న వాటిలో పనిని యంత్రం చెత్త కింద జమకట్టి పారేసింది. ఏది చెత్తో నిర్ణయించింది ఎవరు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. కుదింపు కంప్యూటరుతో పుట్టలేదు. 1902లో గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతు రికార్డు చేసిన నాటికే అది వుంది. 78 వేగంతో తిరిగే రికార్డు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రాత్రంతా విస్తరించే రాగం ఆ మూడు నిమిషాల్లో ఒదగవలసి వచ్చింది. మన నాటక పద్యం పరిస్థితి కూడా అంతే. రంగస్థలం మీద వన్స్‌మోర్ల మధ్య సాగిన రాగాలాపన రికార్డుకు ఎక్కేసరికి కత్తిరింపుకు లోనైంది. అక్కడ కుదించింది కాలాన్ని.

అచ్చు కూడా అటువంటి కుదింపే. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో జానపద గేయాల మీద చేసిన కృషి మనకు పునాది. అయితే గేయం పుస్తకంలోకి వచ్చేటప్పుడు మాటలు వస్తాయి. బాణీ, ఊపిరి, వంతపాట మధ్యలో పడే దరువు రావు. ఇది సేకర్తల లోపం కాదు, కాగితం హద్దు. ప్రతి సాధనమూ కొంత దాచి, కొంత పారేస్తుంది.

1963లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్ ప్రదర్శనలో పెట్టిన చిన్న కేసెట్టు ఈ చరిత్రలో పెద్ద మలుపు. దాని ధ్వని గ్రామఫోను పళ్ళెం కంటే మెరుగేమీ కాదు. టేపు బుసబుస ఎప్పుడూ వినిపించేది. కానీ దానితో రికార్డు చేసే శక్తి మొదటిసారి సామాన్యుడి చేతికి వచ్చింది. అంతకుముందు పాట రికార్డు కావాలంటే కంపెనీ దయ తలచాలి, ప్రసారం కావాలంటే ఆకాశవాణి ఒప్పుకోవాలి. కేసెట్టు ఈ రెండు గడపలూ దాటించింది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పాటలు, గద్దర్ గొంతు, పల్లెపల్లెకూ చేరడంలో సభలతోపాటు కేసెట్టుకూ వాటా వుంది. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తిగారు ‘మహాప్రస్థానం’ను శ్రీశ్రీ చేతిరాతతో, శ్రీశ్రీ గొంతు కేసెట్టుతో తెచ్చారు. కవి కంఠం పుస్తకంలో భాగమైంది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక ఇంకో మార్పు జరిగింది. నలుగురూ కూర్చుని వినే పాట ఒక్కడి చెవిలోకి వెళ్ళిపోయింది.

ఇక అసలు విషయం. 1982లో వచ్చిన సీడీ ధ్వనిని అంకెలుగా మార్చింది. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తుంది. రెండు చానళ్ళకు కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు. నిమిషానికి పది మెగాబైట్లకు పైమాటే. ఇంత బరువు ఆనాటి టెలిఫోను తీగల మీద నడవదు. జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో డీటర్ జైట్సర్ అనే ఆచార్యుడు సంగీతాన్ని డిజిటల్ టెలిఫోను తీగల మీద పంపే ఆలోచన చేశాడు. ఆయన విద్యార్థి కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు, మరికొందరు దాన్ని ముందుకు తీసుకుపోయారు. వారి పద్ధతి 1992 నాటికి అంతర్జాతీయ ప్రమాణంలో భాగమైంది. 1995లో దానికి ఎంపీ3 అన్న పేరు స్థిరపడింది.

దీని సూత్రం మనిషి చెవి బలహీనత మీద ఆధారపడింది. ఊరేగింపులో డప్పులు మోగుతుంటే పక్కవాడి గుసగుస వినపడదు. పెద్ద ధ్వని దగ్గరి చిన్న ధ్వనిని కప్పేస్తుంది. దెబ్బ పడిన తర్వాత కూడా చెవి కొద్దిసేపు మందంగానే వుంటుంది. అలా వినపడని వాటికి బిట్లు ఖర్చుపెట్టడమెందుకు, పారేస్తే పోలా, అన్నదే కుదింపు తర్కం. చెవి గురించిన ఈ జ్ఞానంలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా టెలిఫోను కంపెనీ పరిశోధనశాలల్లో తయారైంది. ఒక్క తీగ మీద ఎక్కువ సంభాషణలు నడిపి ఎక్కువ ఆదాయం రాబట్టడం ఆ కంపెనీ అవసరం. కాబట్టి ఎంపీ3 తల్లి సంగీతం కాదు, టెలిఫోను వ్యాపారం.

ఈ శాస్త్రం అబద్ధమని నేననడం లేదు. 192, 256 కిలోబిట్ల దగ్గర చాలామంది చాలా పాటల్లో తేడా పట్టలేరు. నేనూ పట్టలేను. పేచీ తక్కువ బిట్ల దగ్గర వస్తుంది. అక్కడ యంత్రం వినపడని వాటితో ఆగదు, వినపడేవాటినీ కోయవలసి వస్తుంది. అప్పుడు ముందు బలి అయ్యే ధ్వనులు కొన్ని వున్నాయి. యంత్రం ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని కుదిస్తుంది. కుదింపులో వచ్చిన దోషం ఆ ముక్క అంతటా పరుచుకుంటుంది. ముక్క మధ్యలో హఠాత్తుగా ఒక దెబ్బ పడితే, దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలో కూడా దాని మసక వినిపిస్తుంది. స్పెయిన్ వారి చెక్క చిటికెల మోతతో ఈ లోపాన్ని పరీక్షించడం పరిపాటి. మన చిరుతలు ఆ జాతివే. డప్పు మీద పడే సిర్ర దెబ్బా అంతే. చిరుతల రామాయణాన్ని 64లో పెట్టి విన్నవారికి నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది. దెబ్బ మొన విరిగిపోతుంది. ఇసుర్రాయి గరగర వంటి ఒరిపిడి ధ్వనులు నీళ్ళపాలవుతాయి.

బ్రాండెన్‌బర్గ్‌కు కూడా ఇటువంటి పాఠం ఒకటి దొరికింది. సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని వాద్యమేదీ లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ పాటను తొలి ప్రయోగాల్లో కుదిస్తే గొంతు వికృతమైపోయింది. కప్పడానికి పక్కన పెద్ద ధ్వని లేదు. తప్పు దాక్కునే చోటు లేదు. ఆ పాటనే మళ్ళీమళ్ళీ విని ఆయన తన పద్ధతిని సరిదిద్దుకున్నాడు. ఒంటరి స్త్రీ కంఠం యంత్రాన్ని దోషిగా నిలబెట్టింది. మన నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, ఏడుపు పాటలు ఏ వాద్యమూ లేని స్త్రీల కంఠాలే కదా!

ఇప్పుడు మాదాపూర్‌కు వద్దాం. 1998లో కొరియాలో తయారైన ఎంపీమ్యాన్, అమెరికాలో అమ్మిన రియో అనే జేబు ప్లేయర్లు బజారుకొచ్చాయి. వాటి జాగా 32 మెగాబైట్లు, అంటే అరగంట పాటలు. అదే సంవత్సరం నవంబరు 22న హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఈ రెండూ ఒకే ఏడాది జరగడం కాకతాళీయమే. కానీ రెండింటి కిందా వున్న సాంకేతిక పునాది ఒకటే: తక్కువ తీగ మీద ఎక్కువ ధ్వనిని నడపడం. అమెరికా డాక్టరు చెప్పిన మాటలు కుదించిన ఫైళ్ళుగా హైదరాబాదు చేరేవి. ఇక్కడి యువతీయువకులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పాదంతో పెడలు నొక్కి వెనక్కు ముందుకు తిప్పుకుంటూ టైపు చేసేవారు. కాల్ సెంటరులోనూ అంతే. మామూలు టెలిఫోను ధ్వనికి సెకనుకు 64 కిలోబిట్లు కావాలి. సముద్రాలు దాటే మాటను 8 కిలోబిట్ల దాకా కుదించే పద్ధతులు అప్పటికే వచ్చాయి. ఈ చౌకదనం లేకపోతే మాదాపూర్ రాళ్ళగుట్టల మీద ఆ పరిశ్రమ నిలబడేది కాదు.

మా తమ్ముడు అటువంటి కాల్ సెంటరులోనే రాత్రి డ్యూటీ చేసేవాడు. శిక్షణలో వాడి ఉచ్చారణ మార్చారు, పేరు మార్చారు. తెల్లవారి గదికి వచ్చి, ‘అన్నా, నా గొంతు నాకే కొత్తగుంది’ అనేవాడు. యంత్రం ధ్వనిని కుదిస్తే శిక్షణ మనిషిని కుదించింది. వినేవాడికి అక్కరలేనిదంతా తీసెయ్యడమే రెండింటి సూత్రం. వాడి గొంతులోంచి తీసేసింది పాలమూరును. ఆ భవనాలకు ఇటుకలు మోసిన చేతుల్లో పాలమూరు వలస కూలీల చేతులూ వున్నాయన్న సంగతి వేరే చెప్పాలా?

అట్లాగని ఎంపీ3ని శత్రువుగా నిలబెడితే చరిత్రను సగమే చూసినట్టు. 700 మెగాబైట్ల సీడీలో నూటయాభై దాకా పాటలు పట్టడం, తర్వాత మెమరీ కార్డులో వేల పాటలు పట్టడం, ప్రజలకు దక్కిన లాభమే. 2009 నుంచి 2014 దాకా తెలంగాణ ఉద్యమ పాటలు సెల్‌ఫోన్ నుంచి సెల్‌ఫోన్‌కు దూకాయి. పది రూపాయలకు కార్డులో పాటలు ఎక్కించే కొట్లు ప్రతి అడ్డా మీదా వెలిశాయి. పొలంలో, ఆటోలో, ధూంధాం దారిలో ఆ పాట మోగింది. దెబ్బ మొన విరిగిందా అని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు. జనం మధ్య తిరగడమే ఆ ప్రతి ధర్మం.

మనం గుర్తించవలసిన తేడా ఇక్కడే వుంది. తిరిగే ప్రతి వేరు, నిలిచే ప్రతి వేరు. సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం అనేక తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతి రాయించాడు. లేఖకుడు తనకు అక్కరలేదనుకున్న పాదాన్ని ఎగరగొడితే తర్వాతి తరం దాన్ని ఊహించుకోవలసిందే. 64 కిలోబిట్ల ఫైలు అటువంటి లేఖకుడి ప్రతి. దాన్ని మళ్ళీ పెద్ద ఫైలుగా మార్చినా పోయింది తిరిగిరాదు. కుదించినదాన్ని ఇంకోసారి కుదిస్తే గాయం మీద గాయం. వాట్సాప్‌లో వచ్చే గొంతు సందేశం ఇప్పటికే గట్టిగా కుదించినది.

నేడు జాగా కరువు లేదు. 64 గిగాబైట్ల కార్డులో సీడీ నాణ్యతతో వంద గంటలు పడతాయి. 2001లోనే వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఒక్క బిట్టు కూడా పోకుండా ఫైలును దాదాపు సగానికి తగ్గిస్తుంది. కాబట్టి పాటలు సేకరించే మిత్రులకు నా సలహా ఇది. రికార్డు చేసేటప్పుడు కుదించని పద్ధతి ఎంచుకోండి. ఆ అసలు ప్రతిని రెండు చోట్ల దాచండి. పంచడానికి ఎంపీ3 చేసుకోండి, అదీ 192కు తగ్గకుండా. పాత కేసెట్టును మాత్రం పారేయకండి. ప్లేయరు కొనేటప్పుడు ఎన్ని వేల పాటలు పడతాయనే ప్రకటన చూడకండి, కుదించని ఫైలు పాడుతుందా లేదా అడగండి.

ఈ మధ్య ఒక సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్ళాను. పెట్టెలో సగం మంది చెవుల్లో ఏదో ఒకటి వుంది. ఒక్కరి పాటా ఇంకొకరికి వినపడలేదు. నేనూ నాయనమ్మ ఫైలు పెట్టుకున్నాను. పాట మధ్యలో ఆమె ఆగి, దోసిలితో గింజలు పోసి, మళ్ళీ అందుకుంటుంది. ఆ ఆగడం వుంది. గింజలు రాలిన చప్పుడు లేదు. అది ఎలా వుండేదో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో మా నాన్న ఒక్కడే. వచ్చే సెలవుల్లో ఆయన్ని కూర్చోబెట్టి, ఆయనకు గుర్తున్నంత వరకు పాడించి రికార్డు చేయబోతున్నాను. ఈసారి జాగా లెక్క చూసుకోను.