బండి చక్రం మీద ఆగమన దీపాలు

నవంబరు చివరి వారం వచ్చేసరికి కథోలిక, లూథరన్, సి.ఎస్.ఐ. దేవాలయాల్లో చాలాచోట్ల బలిపీఠం పక్కన పచ్చని కొమ్మలు చుట్టిన వలయం, దాని మీద నాలుగు కొవ్వొత్తులు కనిపిస్తాయి. ఆదివారానికి ఒకటి చొప్పున వెలిగిస్తూ క్రిస్మస్ దాకా నడుస్తారు. చూసేవారికి ఇది తొలి సంఘాల నాటి ఆచారం అనిపిస్తుంది. కానీ దీనికి ఇంకా రెండు వందల ఏళ్లు నిండలేదు. పైగా ఇది పుట్టింది గుడిలో కాదు. దొంగతనాలు చేసి పట్టుబడినవాళ్లు, బిచ్చమెత్తి బతికినవాళ్లు, ఎవరూ చేరదీయనివాళ్లు, అలాంటి పిల్లలు ఉండే ఒక ఇంట్లో పుట్టింది.

ఆగమన కాలం మాత్రం చాలా పాతది. ఐదో శతాబ్దంలో నేటి ఫ్రాన్సులోని టూర్ నగర బిషప్ పెర్పెటువస్ నవంబరు 11న వచ్చే మార్టిన్ పండుగ మొదలు క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజుల ఉపవాసం ఏర్పాటు చేశాడు. తర్వాతి కాలంలో రోము సంప్రదాయం దాన్ని నాలుగు ఆదివారాలకు కుదించింది. ఈ రోజుల్లో డిసెంబరు మొదలైతే చాలు సెమీ క్రిస్మస్ సందడి. ఆ కాలంలో మాత్రం ఇవి మనసు సరిచేసుకునే రోజులు.

ఇక ఆ ఇంటి సంగతి. జర్మనీలోని హాంబర్గ్ రేవు పట్టణంలో 1808లో పుట్టిన యోహాన్ హిన్‌రిష్ విషెర్న్ పదిహేనో ఏట తండ్రిని పోగొట్టుకున్నాడు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు కాబట్టి ఇంటి బరువు మీద పడింది. ఎలాగో వేదాంతం చదివి ఊరికి తిరిగొచ్చి, సెయింట్ జార్జ్ పేటలో సండే స్కూల్లో చేరాడు. పేదల ఇళ్లకు వెళ్లివచ్చే బృందంతో తిరుగుతూ చీకటి గదులు, ఆకలి, తాగుడు దగ్గరగా చూశాడు. ఆదివారం పాఠం చెప్పి పంపిస్తే సోమవారం ఆ పిల్లలు మళ్లీ వీధిపాలే. వాళ్లకు బడి కన్నా ముందు ఇల్లు కావాలని అతనికి అర్థమైంది. నగర పెద్దల్లో ఒకరైన కార్ల్ సీవెకింగ్ హోర్న్ అనే శివారు గ్రామంలో గడ్డికప్పు పాత ఇల్లు ఇచ్చాడు. 1833 శరత్కాలంలో విషెర్న్ తల్లిని, చెల్లెలిని వెంటబెట్టుకుని అందులో కాపురం పెట్టాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు. దాని పేరు రౌహెస్ హౌస్.

అక్కడ జరిగినదంతా ఒక వరస మీద ఆధారపడింది. చేరిన పిల్లవాడికి మొదటి మాటగా, నువ్వు చేసినదంతా క్షమించాం అని చెప్పేవారు. అతని గతాన్ని మిగతావాళ్ల ముందు ఎత్తేవారు కాదు. గోడ లేదు, గడియ లేదు; పారిపోవాలంటే పారిపోవచ్చు. పిల్లలు పెరిగేకొద్దీ పెద్ద వసతిగృహం కట్టకుండా చిన్న చిన్న ఇళ్లు కట్టారు. ఒక్కో ఇంట్లో పన్నెండు మంది వరకు పిల్లలు, వాళ్లతోనే తిని, పడుకుని, పనిచేసే ఒక యువకుడు. అతన్ని 'సోదరుడు' అనేవారు. తప్పు చేస్తే మందలించేది కూడా అతనే. మధ్యాహ్నం పక్కన కూర్చుని కలిసి తిన్న అన్న సాయంత్రం కోప్పడితే, ఆ కోపం పిల్లవాడికి పరాయి కోపంలా తగలదు. క్షమాపణ ముందు, చోటు తర్వాత, దిద్దుబాటు ఆపైన. ఈ వరస తలకిందులైన చోట మందలింపు శిక్షగానే మిగులుతుంది.

ఆ వరస పనిచేసిందా? 1842 మే నెలలో హాంబర్గ్‌లో మూడో వంతు కాలిపోయింది. ఊరు తగలబడుతుంటే ఈ పిల్లలు సాయానికి వెళ్తామని అడిగారు. దోపిడీకి అంతకన్నా అదను ఉండదు. అయినా విషెర్న్ పంపాడు. వాళ్లు పనిచేసి, ఇల్లు చేరారు. మరుసటి ఏడాది అక్కడికి వెళ్లిన అమెరికా విద్యావేత్త హొరేస్ మాన్ ఈ ఇంటిని తన నివేదికలో ఎంతో మెచ్చుకుంటూ రాశాడు.

కొవ్వొత్తుల కథ ఇల్లు మొదలవడానికీ ఈ అగ్నిప్రమాదానికీ మధ్యది. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, 1839లో విషెర్న్ ఒక బండి చక్రం తెచ్చి ప్రార్థన గదిలో వేలాడదీశాడని చెబుతారు. దాని మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు 20 చిన్న ఎర్రవి. ఆ ఏడాది డిసెంబరు 1న ఆదివారం వచ్చింది కాబట్టి లెక్క సరిగ్గా 24. సాయంత్రం ప్రార్థనలో రోజుకొకటి వెలిగేది. పచ్చని కొమ్మలు చుట్టడం 1860 ప్రాంతంలో వచ్చింది. నిన్నటిదాకా ఎవరికీ అక్కర్లేని పిల్లవాడు పండుగ కోసం అందరితో కలిసి రోజులు లెక్కపెట్టడమే ఆ చక్రం అసలు విశేషం.

విషెర్న్ జీవితంలో ఇంకో అధ్యాయాన్ని దాచడం న్యాయం కాదు. 1850ల చివర ప్రష్యా ప్రభుత్వం అతన్ని జైళ్ల సంస్కరణకు పిలిచింది. బెర్లిన్‌లోని మోయాబిట్ జైలులో రౌహెస్ హౌస్ సోదరులు కాపలాదారులయ్యారు. అక్కడ ఖైదీలను ఒంటరి గదుల్లో ఉంచేవారు. దీన్ని ఆనాడే ఘాటుగా విమర్శించారు. హోర్న్‌లో పనిచేసిన మనుషులే, నమ్మిన దేవుడూ అతడే. లేనిది కలిసి తినే బల్ల ఒక్కటే.

ఇది మన సంఘాలకు దూరపు విషయం కాదు. తప్పు చేసిన సోదరుడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమని, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లమని, ఆ తర్వాతే సంఘానికి చెప్పమని మత్తయి సువార్త 18వ అధ్యాయం బోధిస్తుంది. తప్పిపోయిన గొర్రె ఉపమానం దానికి సరిగ్గా ముందే ఉంది. మన దగ్గర కొన్నిచోట్ల మొదటి రెండు మెట్లూ దాటేసి, మనిషిని నేరుగా ప్రభువు బల్లకు దూరం పెడతారు. ఇంటికి వెళ్లి పలకరించినవారు ఉండరు. దిద్దుబాటు అవసరమే, దాన్ని ఎవరు, ఎంత దగ్గరగా నిలబడి చేస్తున్నారన్నదే ప్రశ్న.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వలయం జర్మనీ ఇళ్లలోకి, 1925లో కొలోన్‌లోని ఒక కథోలిక గుడిలోకి, తర్వాత ప్రపంచమంతటా వెళ్లింది. దారిలో చిన్న కొవ్వొత్తులు రాలిపోయి ఆదివారాల నాలుగే మిగిలాయి. 1943 బాంబుదాడుల్లో రౌహెస్ హౌస్ చాలావరకు ధ్వంసమైంది. మళ్లీ కట్టారు, ఇప్పటికీ పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు సేవ చేస్తోంది. విషెర్న్ లెక్కన చేసే వలయంలో చిన్న కొవ్వొత్తుల సంఖ్య ఏటా మారుతుంది: క్రిస్మస్ ఆదివారం పడితే 24, సోమవారం పడితే 18.